వేలిముద్రల కాగితం

దేవరకొండ తాలూకా,
1948 ఆగస్టు 23, సోమవారం.

చిరంజీవి తమ్ముడు భీమయ్యకు పెద్దక్క నిర్మలమ్మ ప్రభువు పేరిట దీవించి రాయునది. ఇక్కడ ప్రాణాలతో ఉన్నాము. మాచర్ల శిబిరంలో నీకు వేళకు తిండి దొరకాలని పొద్దుటి ప్రార్థనలో అడుగుతున్నాను.

భిక్షపతి కృష్ణ దాటి వచ్చి నీ ఉత్తరం ఇచ్చాడు. రజాకార్లను ఆపడానికి యూనియన్ సైన్యం రావాలని ఊరంతా కాగితం మీద వేలిముద్రలు వేయాలన్నావు. మీ శిబిరం కాంగ్రెసు నాయకులు దాన్ని ఢిల్లీకి తీసుకుపోతారన్నావు. భిక్షపతి మీద నాకు నమ్మకం కుదరలేదు. రేవుల్లో అంత తనిఖీ ఉంటే కాగితం ఎట్లా దాటించాడు? అడిగితే నవ్వాడు.

నిన్న ఆరాధన అయ్యాక నీ ఉత్తరం అందరికీ చదివి వినిపించాను. "పోయిన చలికాలం నిజాముకు, ఢిల్లీకి మాటలైనయ్, దస్కతులైనయ్. గా తర్వాతనే గదా మన గడ్డివాములు తగలవెట్టిండ్రు" అని గుర్వమ్మ లేచింది. "ఎవల ఫౌజైతేంది, ముందుగాల మాయమయ్యేది మన కోళ్లే" అని జంగమ్మ అంటే అందరూ నవ్వారు. లింగయ్య నవ్వలేదు. దొర గుమస్తా తెల్లకాగితం మీద వేలు పెట్టించుకున్నాకనే అతని చెలక భూమి పోయింది. "అక్కా, గీ కాగితం రజాకార్లకు దొరికితే పేరువేరున పిలిచి కాలుస్తరు" అన్నాడు.

అందుకే ఎవరూ వేలు పెట్టలేదు. నాకూ సైన్యం రావద్దనే ఉంది. తుపాకి వచ్చాక మంచివాళ్లెవరు, చెడ్డవాళ్లెవరు అని చూడదు. ఢిల్లీవాళ్లు ఇంకో నెల మాట్లాడితే ఏం పోతుంది? నిన్ను ఈ పనికి ఎవరు పురమాయించారో, నాకు అదీ అనుమానమే.

నీ పెద్దక్క,
నిర్మలమ్మ

తా.క.: ఎవరూ వేలు పెట్టలేదని పైన రాసింది అబద్ధం. మార్చి రాయడానికి ఇంకో కాగితం లేదు. నిన్ననే నలభై ఒక్కమంది వేలిముద్రలు వేశారు. అంత భయపడిన లింగయ్యే ముందు వేశాడు. వేయనిది నేనొక్కదాన్నే. మన ఎల్లస్వామి వానలకు ముందు నిజాం ఫౌజులో చేరాడు. కన్నతల్లిని, నీకు చెప్పడానికి నోరు రాలేదు. ఇప్పుడు కృష్ణ ఒడ్డున కాపలా కాస్తున్నాడు. మీ సైన్యానికి ముందు ఎదురయ్యేది నా కొడుకే. భిక్షపతిని అనుమానించడం నా సాకు.

మోకరించి చాలాసేపు అడిగాను. లేచి ఆ వేలిముద్రలన్నీ మళ్లీ లెక్కపెట్టాను. అంతమంది మాట నేనొక్కదాన్ని మింగకూడదు. వేలిముద్రల కాగితం దీనితోనే పంపుతున్నాను. చివర నా సంతకం ఉంది.

సైన్యం ఏ రోజు వస్తుందో నాకు మాత్రం రాయకు. తెలిస్తే వాడికి చెప్పకుండా ఉండలేను.