వడ్రంగి పెట్టె

ప్రియమైన నాన్నకి,

నాకు బడిలో ఉద్యోగం వచ్చింది! చిన్నపిల్లల తరగతి ఇచ్చారు. సాయంత్రానికి గొంతు బొంగురుపోతోంది, జుట్టు నిండా సుద్దపొడి. అమ్మ చూసి, "అప్పుడే తల నెరిసిందేమే!" అని నవ్వింది. ఇక నువ్వు ఓడ వడ్రంగం మానేసి ఇంటికి వచ్చెయ్. "ఆయనకి ఓడే మొదటి పెళ్ళాం, వదిలి వస్తాడా?" అంటోంది అమ్మ. మీ ఓడ అడుగున నీళ్ళు ఊరుతున్నాయని ఇక్కడ రేవులో చెప్పుకుంటున్నారు. నిజమేనా? నా దగ్గర దాచకు.

నీ చేత అక్షరాలు దిద్దించిన
నీ కూతురు

మా పంతులమ్మకి ఆశీస్సులు.

నీ ఉత్తరం మా ఓడ వంటాయనకి చదివి వినిపించాను. "నీ కడుపున పంతులమ్మా? వాళ్ళమ్మ పోలికే అయ్యుంటుందిలే" అన్నాడు, వెధవ. మా ఇద్దరికీ నవ్వడానికి కూడా ఓపిక లేదు.

నువ్వు విన్నది నిజమే తల్లీ. పలకల సందుల్లో నార కూరి తారు పూస్తాను, తెల్లారేసరికి మళ్ళీ కారుతుంది. కొయ్య పుచ్చిపోయింది. అందరం వంతులు వేసుకుని నీళ్ళు తోడుతున్నాం. చేతులు పైకి లేవడం లేదు. ఓడని గట్టెక్కించి అడుగు మార్చాలంటే, ఓడ నడిపే సరంగు "ఈ ఒక్క ప్రయాణం కానివ్వవయ్యా" అంటాడు. వచ్చే రేవులో సరుకు ఎక్కించుకుని నడిసముద్రం దాటాలట. నావాళ్ళని వదిలి ఎలా దిగను?

మీ నాన్న

నాన్నా,

మీరు సరుకు ఎక్కించుకునే ఆ రేవు చిరునామాకే రాస్తున్నాను. నీ ఉత్తరం విన్న అమ్మ పొయ్యి మీద గిన్నె మాడుతున్నా లేవలేదు. ఇది చదవగానే దిగిపో. సరంగుకి తెలిస్తే వదలడు, ఎవరికీ చెప్పకు. పెట్టె, పనిముట్లు అన్నీ అక్కడే వదిలెయ్. నువ్వు ఉత్త చేతులతో వచ్చినా చాలు. నాకు మా నాన్న కావాలి.

ఎదురుచూస్తూ,
నీ కూతురు

చిట్టితల్లికి,

నువ్వు చెప్పినట్టే ఉత్త చేతులతో దిగాను. ఓడని ఆపించమని అడగడానికి నేరుగా రేవు అధికారి దగ్గరికి వెళ్ళాను. ఆయన ఇంకా రాలేదన్నారు. బయట బల్ల మీద కూర్చున్నాను. ఎన్నాళ్ళ అలసటో, కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే నిద్రపోయాను. లేచేసరికి ఓడ తెరచాపలెత్తి వెళ్ళిపోతోంది. గట్టు మీద నుంచి అరిచాను. ఎవరికి వినపడుతుంది?

మాలో ఒక పద్ధతి ఉంది. వడ్రంగి పెట్టె గట్టు మీదికి దిగిందంటే ఆ ఓడ ఇక కదలదు. సరంగు కాళ్ళు పట్టుకున్నా ఎవడూ తాడు ముట్టడు. నా పెట్టె ఓడలో మెట్ల పక్కనే ఉంది. అది చూసి, నేను అడుగున ఎక్కడో తారు పూస్తున్నాననుకుని ఉంటారు. ధైర్యంగా బయలుదేరారు.

గాలివాన కూడా రాలేదు తల్లీ. మామూలు ఎండలో, మామూలు సముద్రంలో మునిగిపోయిందని చేపల పడవవాళ్ళు చెప్పారు. ఒక్కరూ దక్కలేదు.

నిన్ను నువ్వు తిట్టుకోకు. నాన్న కావాలన్నావు, నాన్న మిగిలాడు. పద్ధతి తెలిసినవాణ్ణి నేను, నువ్వు కాదు.

ఇంటికి ఇప్పుడే రాను. ముందు వంటాయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాలి. ఆయన భార్య తలుపు తీసి, "అన్నయ్యా, మీరొక్కరే వచ్చారేం?" అంటుంది. అమ్మతో చెప్పు, ఆ మాటకి జవాబు చెప్పాకే నేను మన గుమ్మం ఎక్కుతానని.

నాన్న