అవ్వకు టమాటా నైవేద్యం

ఆండర్సన్‌పేట,
పితికిపప్పు కూర నాడు.

అక్కకు,

చెల్లెలు శారద నమస్కరించి రాసేది. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. బావగారి నడుం నొప్పి తగ్గిందా? పాపకు జలుబు వదిలిందా? నాన్న మందులు వేళకు వేసుకుంటున్నాడా, లేక నువ్వు స్కూలుకు వెళ్ళగానే డబ్బా మూత పెట్టేస్తున్నాడా? నేను బాగానే ఉన్నాను, దిగులు పడకు.

ఇంటికి కాకుండా నీ స్కూలు అడ్రసుకు ఉత్తరం ఎందుకు వచ్చిందా అని కంగారుపడి ఉంటావు. ఫోన్‌లో చెబితే నాన్న స్పీకర్ పెట్టమంటాడు. వాట్సప్‌లో రాస్తే నీకంటే ముందు ఆయనే చదువుతాడు. ఇది ఆయన వినకూడని ఉత్తరం. వినిపించదగిన ముక్కలు ముందే రాసేస్తాను, అక్కడివరకే చదువు.

ఇక్కడ చలి బాగా ఉంది. మన చీరాలలో దుప్పటి అనే వస్తువు అలంకారానికి కొంటాం కదా, ఇక్కడ నిజంగానే కప్పుకోవాలి. గాలి వీచిన రోజు మూతపడిన బంగారు మైను మట్టి దిబ్బల మీది దుమ్ము వచ్చి ఆరేసిన బట్టల మీద వాలుతుంది. పొద్దున్నే ఊళ్ళో సగం మంది బెంగళూరు రైలెక్కి పోతారు, మిగిలిన సగం మంది సాయంత్రం దాకా వాళ్ళ గురించే మాట్లాడుకుంటారు. నేను అద్దెకున్న ఇంటి పెద్దమ్మ పేరు రూతమ్మ. భర్త మైనులో పనిచేస్తూ పోయాడు. నాకు రాగి సంగటి మింగడం నేర్పిస్తోంది, నమలకూడదట. ఈ నెలంతా అనపకాయల కాలం, రోజు మార్చి రోజు పితికిపప్పు. చేపలు దొరక్క నాలుక చచ్చిపోయింది. ఎండురొయ్యలు ఓ పావు కిలో పంపించు, గట్టిగా మూటకట్టి. ఇక్కడివాళ్ళకు ఆ వాసన పడదు.

ఇక్కడితో నాన్నకు చదవడం ఆపెయ్.

నేను లైబ్రరీ ఉద్యోగం కోసం కోలారు జిల్లాకు వచ్చానని నాన్న నమ్మాడు. నువ్వు సగం నమ్మావు. నేను సదానందం కోసం వచ్చాను. అతను డైరెక్టరుగా ఉన్న సర్వమత అధ్యయన కేంద్రంలోనే పనికి చేరాను. నీకు తెలిసిన కథే, అయినా మళ్ళీ రాస్తాను. రాస్తే కోపం తాజాగా ఉంటుంది.

పన్నెండేళ్ళ కిందట అతను పరిశోధన పేరుతో మన ఇంటికి వచ్చినప్పుడు నువ్వు అత్తగారింట్లో ఉన్నావు. మూడు రోజులున్నాడు. మూడు రోజులూ అమ్మ చేతి వంట తిన్నాడు. నాన్న ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పని ముగించుకుని, ముప్పై ఏళ్ళపాటు సాయంత్రాలు దర్గాకూ అచల గురువు ఆశ్రమానికీ చర్చి ఫాదరు దగ్గరకూ తిరిగి, వాళ్ళు చెప్పినవన్నీ రాసుకున్న పదకొండు నోటుపుస్తకాలు అతని ముందు పెట్టాడు. "జిరాక్సు తీసుకుని వారంలో పంపిస్తా సార్" అన్నాడు సదానందం. అప్పుడు అతనికి టీ ఇచ్చింది నేనే. ఆ వారం ఇంకా పూర్తి కాలేదు.

తరువాత పుస్తకం వచ్చింది. 'చీకటిలోని దైవం' అట. నాన్న పేరు ఎక్కడా లేదు. నాన్న కళ్ళజోడు సర్దుకుని మొదటినుంచి చివరిదాకా చదివి, "బాగానే రాశాడు, అచ్చుతప్పులు కూడా తక్కువే" అన్నాడు. అంతే. ఆ రోజు నుంచి కలం ముట్టలేదు. అమ్మ అప్పటికే మంచం మీద ఉంది. తన మాటలు పుస్తకంలో పడ్డాయని విని, "ఏదీ, నా పేరు ఏ పేజీలో ఉంది?" అని అడిగింది. "అవ్వ అని ఉంది చూడు, అది నువ్వే" అన్నాడు నాన్న. "నేనెప్పుడు అవ్వనయ్యాను?" అని నవ్వి అటు తిరిగి పడుకుంది. ఆమె అటు తిరగడం నేను మర్చిపోలేదు అక్కా. నువ్వు అప్పుడు అక్కడ లేవు కాబట్టి మర్చిపొమ్మని సలహా ఇస్తావు.

నాన్న సంగతి తెలిసిందే కదా. అమ్మను ఒక్కనాడూ పేరు పెట్టి పిలిచినవాడు కాదు. సాధువుల పక్కన, ఫకీర్ల పక్కన పెళ్ళాం పేరు రాయడానికి సిగ్గు. అందుకే అమ్మ అన్న మాటలన్నిటికీ 'అవ్వ చెప్పింది' అని పైన రాసుకునేవాడు. తేదీలు గుర్తుండవు కాబట్టి పక్కన ఆ రోజు కూర ఏమిటో రాసేవాడు. 'చింతచిగురు పప్పు నాడు', 'గోంగూర నాడు'. ఈ ఉత్తరం పైన నేను రాసినట్టు.

ఇప్పుడు విను, ఆ దొంగ ఏం చేశాడో. నాన్న ఆ మాటలు ఏదో తాళపత్రం చూసి ఎత్తి రాసుకున్నాడనుకున్నాడు. ఆ తాళపత్రం తనకే దొరికిందని అచ్చేశాడు. నాలుగు వందల ఏళ్ళ కిందట ఈ కోలారు వైపే, ఆవని కొండ దగ్గర అవ్వ అనే యోగిని ఉండేదట. ఆమె మాటలను ఉపనిషత్తుల పక్కన పెట్టాడు. జర్మనీ దేశపు పాత ప్రసంగీకుల పక్కన, బస్రా నగరపు సూఫీ స్త్రీ పక్కన పెట్టాడు. పోలికలు బాగానే చేశాడు, అది ఒప్పుకోవాలి. కానీ నైవేద్యాల మీద ఒక అధ్యాయం మొత్తం రాశాడు! ఒక్కో వాక్యానికి ఒక్కో వంటకాన్ని అవ్వ విధించిందట. గోంగూర వైరాగ్యానికి, టమాటా శరణాగతికి. ఎండురొయ్యలు కనిపించినచోటల్లా ఆ మాట ఎగరగొట్టాడు. టమాటాను మాత్రం ఉంచాడు, ఎందుకంటే కోలారులో టమాటా పండని మడి ఉండదు. ఆవని దగ్గర అవ్వ పేరుతో ధ్యానమందిరం కట్టించాడు. రైతులు గంపలతో టమాటాలు తెచ్చి గుమ్మంలో పెట్టి దండం పెట్టుకుంటారు. మొదటిసారి చూసినప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియక ఒక టమాటా తీసుకుని తినేశాను.

అతను నన్ను గుర్తుపట్టలేదు. టీ కప్పు గుర్తుండొచ్చు, ఇచ్చిన పిల్ల మొహం గుర్తు లేదు. పుస్తకం రెండో కూర్పుకు చివర పదసూచిక తయారుచేసే పని నాకే ఇచ్చాడు. "ఏమ్మా శారదా, పాత నోట్సు అంతా బీరువాలో ఉండాది. బీగంచెవులు ఇదో, నువ్వే చూసుకో" అన్నాడు. తాళం తనే ఇచ్చాడక్కా! బీరువా తెరిస్తే నాన్న అక్షరాలు. పదకొండూ ఉన్నాయి. నాలుగో పుస్తకం అట్ట మీద అమ్మ పసుపు వేలిముద్ర కూడా ఉంది. నేలమీద కూర్చుని ఏడ్చి, లేచి, మొహం కడుక్కుని పదసూచిక పూర్తి చేశాను. నా పనిలో తప్పు పట్టే వీలు అతనికి ఇవ్వదల్చుకోలేదు.

రెండో కూర్పు ఆవిష్కరణ ఆ మందిరంలోనే, పట్టపగలు, మూడు వందల మంది ముందు. కేంద్రాన్ని నడిపే ట్రస్టు పెద్దలంతా వచ్చారు. రూతమ్మ కూడా నాతో వచ్చింది. పుస్తకంలోంచి అవ్వ వాక్యం ఒకటి చదవమని నన్ను పిలిచారు. నేను పుస్తకం బల్లమీద పెట్టి నాన్న నోటుపుస్తకం తెరిచాను. ఎవరిదో, ఏ ఊరిదో, ఎలా ఇక్కడికి వచ్చిందో చెప్పి, ఉన్నది ఉన్నట్టు చదివాను:

"అవ్వ చెప్పింది. పోవే, ఆయన నీకంటే ముందే వెళ్ళి చీకట్లో కూర్చున్నాడు, నువ్వే ఆలస్యం. చిన్నది కట్టెల గదిలోకి వెళ్ళడానికి భయపడి ఏడుస్తుంటే అన్న మాట. టమాటా, ఎండురొయ్యల కూర నాడు. కరెంటు పోయింది."

ఆ చిన్నదాన్ని నేనే, అమ్మ 'ఆయన' అన్నది దేవుణ్ణి, నీకు గుర్తుందిగా. వెనక వరసలోంచి ఒక టమాటా రైతు లేచి నిలబడ్డాడు. "అదేంది సార్, నాలుగు నూరేండ్ల ముందర ఆవనిలో కరెంటు యాడిది? ఇప్పుడే సరింగా రాదే!" అన్నాడు. నవ్వు మొదలైంది. ముందు వెనక వరసలు, తర్వాత మధ్య వరసలు, చివరికి వేదిక మీద ఉన్న పెద్దలు కూడా. ట్రస్టు పెద్ద ఒకాయన నోటుపుస్తకం తీసుకుని పేజీలు తిప్పాడు. తాళపత్రం ఎక్కడుందో చూపించమన్నాడు. సదానందం మైకు దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయాడు. నాకు హాయిగా ఉందక్కా. ఉండకూడదేమో, ఉంది. అమ్మ అటు తిరిగి పడుకున్నప్పటి నుంచి అంత హాయిగా ఎప్పుడూ లేదు.

వారం తిరక్కుండా పుస్తకాన్ని వెనక్కి తీసుకున్నారు. అతన్ని సెలవు మీద పంపారు. నోటుపుస్తకాలు మనవేనని కాగితం రాసి నా చేతికిచ్చారు.

ఒక్క రూతమ్మ విషయంలోనే భయపడ్డాను. ఆమె దేవుడి పటం కింద ఆ వాక్యం చీటీ మీద రాసి అంటించుకుందని నాకు ముందే తెలుసు. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ అడిగింది.

"అట్లయితే అవ్వ లేదా మ్మా?"

"ఉండేది పెద్దమ్మా. మా అమ్మే. చీరాలలో ఉండేది. నాలుగేళ్ళయింది పోయి."

చెప్పులు గోడవారకు జరిపింది. తర్వాత అంది: "మా ఇంటాయన మైనులో పోయిన దినం నేను పైన గేటు కాడ నిలబడుకోనున్నాను. అంత లోపల, చీకట్లో, ఒగడే పోయినాడే అని ఎన్నేండ్లో ఏడ్చినాను. ఆ మాట చదివినంక ఏడుపు నిలిచిపోయింది. యోగిని చెప్పిందా, మీయమ్మ చెప్పిందా, నాకేమి? బిడ్డ భయపడతా ఉంటే చెప్పిండే మాట అబద్ధం ఎట్లయితాది? నువ్వు సుమ్నే, ఊరికే బేజారు చేసుకోవద్దు. ఇంగ, ఆయమ్మ ఫోటో ఒకటి తెప్పియ్యి."

కాబట్టి అమ్మ ఫోటో పంపించు. నీ పెళ్ళిలో తీసింది కాదు, అందులో బిగుసుకుపోయి ఉంటుంది. పెరట్లో రొయ్యలు ఆరబోస్తూ ఎవరినో తిడుతున్న ఫోటో ఉందే, అది.

ఇప్పుడు అసలు విషయం. పోయిన ఆదివారం రూతమ్మ చర్చి నుంచి వచ్చి వంట మొదలుపెట్టేసరికి సదానందం గుమ్మంలో నిలబడి ఉన్నాడు. గడ్డం పెరిగింది. చొక్కా ఇస్త్రీ లేదు. సభల్లో మాట్లాడే తెలుగు పోయి సొంత ఊరి తెలుగు వచ్చేసింది.

"మీ నాయన నంబరియ్యమ్మా. పాత నంబరుకు ఫోను పోలేదు. ఒకే ఒక మాట మాట్లాడల్ల. తప్పయిపోయింది అని చెప్పుకోవల్ల."

"నాకు చెప్పారుగా. నేను విన్నాను."

"నీకు చెప్తే చాలదమ్మా. మన్నించినానని ఆయనే చెప్పల్ల."

ఎందుకు చాలదో నాకు తెలుసు. అతని పుస్తకంలో మూడో అధ్యాయం అదే. దర్గాలో ముసలాయన నాన్నతో అన్న మాట: దేవుడికి చేసిన తప్పును దేవుడు మాఫీ చేస్తాడు, మనిషికి చేసిన తప్పును ఆ మనిషే చెయ్యాలి, దేవుడు కూడా అందులో చెయ్యి పెట్టడు. దాని పక్కనే బలిపీఠం దగ్గర కానుక వదిలేసి ముందు సోదరుడితో సమాధానపడమన్న సువార్త మాట. వాటికి తోడు మన పురాణాల కథలు. అన్ని దారులూ ఆ అన్యాయం జరిగిన మనిషి గుమ్మం దగ్గరికే వస్తాయని అతనే చక్కగా తేల్చి రాశాడు. అమ్మ పోయాక నాన్న మీ ఇంటికి మారాడు కాబట్టి, ఆ గుమ్మం ఎక్కడుందో ఇక్కడ నాకు ఒక్కదానికే తెలుసు.

"అన్ని మతాలూ క్షమించమనే చెప్తాయి కదమ్మా" అన్నాడు.

"తీసుకున్నది తిరిగి ఇచ్చాక అని కూడా చెప్తాయి సార్. పుస్తకాలు ఇచ్చారు, అదీ నేను బీరువా తీస్తే. పన్నెండేళ్ళు ఇవ్వండి. నాన్న రాయకుండా పోయిన పుస్తకాలు ఇవ్వండి. అమ్మ పేరు ఇవ్వండి."

అతను గుమ్మం మీదే కూలబడి ఏడ్చాడు. రూతమ్మ లోపల్నుంచి, "ఇచ్చెయ్ మ్మా, పెద్దమనిషి ఏడస్తా ఉండాడు" అంది. ఆమె మంచిది. నేను ఆమె కాదు. నంబరు ఇవ్వలేదు.

ఎందుకో నీకు చెప్పనక్కర్లేదు. ఇస్తే నాన్న క్షమించేస్తాడు. అతను హలో అనేలోపే క్షమించేస్తాడు. పైగా "భోజనం చేశారా?" అని అడుగుతాడు. మన నాన్న మంచితనం అతనికి అంత చౌకగా దొరకడం నాకు ఇష్టం లేదు. అందుకే నీకు ఒట్టు పెట్టి రాస్తున్నాను: తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే నువ్వే ఎత్తు. కోలారు ముద్రతో కవరు వస్తే అది నాదైతేనే ఇంట్లోకి రానివ్వు. నన్ను పాపిష్టిదాన్నని తిట్టుకో, కానీ మాట మాత్రం నిలుపు.

పదకొండు నోటుపుస్తకాలూ పార్శిల్ చేశాను, వాటిని నాన్నకు ఇవ్వు. ఎలా వచ్చాయని అడిగితే, ఆ వారం పూర్తయిందని చెప్పు. వాటితోపాటు పన్నెండోది ఉంది, కొత్తది, ఖాళీది. మొదటి పేజీలో అవ్వ బదులు అమ్మ పేరు పెట్టి, 'సుబ్బరత్నం చెప్పింది' అని నేనే రాశాను. ఆయన సిగ్గుపడతాడు, పడనీ. ఆ పేజీ తెరిచి బల్లమీద పెట్టి, పక్కన కలం పెట్టి, నువ్వు వంటింట్లోకి వెళ్ళిపో. ఏమీ అడగకు.

బావగారికి నమస్కారాలు, పాపకు ముద్దులు. నాన్న పాదాలకు నా బదులు నువ్వు మొక్కు. నీ దీవెన కూడా కావాలి, కోపంతో ఇచ్చినా పుచ్చుకుంటాను. నేను బాగానే ఉన్నాను, రొయ్యలు మర్చిపోకు.

నాన్న ఆ పుస్తకంలో ఒక్క వాక్యం రాసినా చాలు, ఆ రోజు ఇంట్లో ఏం కూరో నాకు రాయి. ఆ ఉత్తరం అందిన రోజు సదానందానికి నంబరు ఇస్తాను. అంతవరకూ అతన్ని చీకట్లోనే కూర్చోనీ. అక్కడ ముందే వచ్చి కూర్చున్నది ఎవరో రెండు వందల పేజీలు రాశాడుగా, ఆయన్నే అడుక్కోమను.

నీ చెల్లెలు,
శారద