పటంలో మల్లవ్వ చెరువు

మట్టెవాడ, వరంగల్
4-5-1984

చిరంజీవి బాలకిషన్‌కు,

బాపు కైలాసం దీవించి రాయునది. నేనూ మీ మేనత్త భాగ్యమ్మా బాగానే ఉన్నం. మగ్గం మీద పన్నెండడుగుల జంపఖానా నడుస్తున్నది. నీ సంగతి నువ్వు రాయలేదు. ఏటూరునాగారం బస్సు కండక్టర్ గోపాల్ చెప్తే తెలిసింది. భజనకు వచ్చి, పదిమంది నడుమ నిలబడి, "కైలాసం మామా, నీ కొడుకు ఆకాశంల తిరిగే యంత్రం తీసిన ఫోటో పట్టుకొని అడవిల తొవ్వ వెతుకుతాండు. ఆ ఫోటోల అడవి ఎర్రగున్నదట" అన్నడు. అందరూ నవ్విండ్రు. నాకు నవ్వు రాలేదు.

అడవి ఎర్రగుంటదా కొడుకా? బ్రహ్మ పచ్చగ సృష్టించినదాన్ని ఎర్రగ చూపేది ఏం విద్య? సీతమ్మ కంటికి లేడి బంగారమై కనబడ్డది. లేడికి బంగారు తోలుండదని ఏండ్లకేండ్లు అడవిల బతికిన తల్లికి తెల్వదా? తెలుసు. అయినా కన్ను గుంజింది. కన్ను గుంజిన దిక్కే కాలు పోయింది. ఆ తర్వాత లంక ఎంత దూరం? నాకు బడి చదువు లేదు. గ్రంథం మాత్రం అక్షరం అక్షరం కూడబలుక్కొని నాకు నేనే నేర్చుకున్న. అందుల కంటిని నమ్మి బాగుపడ్డోడు ఒక్కడు నాకు దొరకలేదు.

నీడకు కూసోని పటాలు గీసే నౌకరి అని చెప్పి పోయినవు. ఈ అడవి తిరుగుడు ఎప్పుడు మొదలైంది? నిన్ను కన్న మీ అవ్వ పోయి రెండేండ్లు నిండలేదు. నాకు మిగిలినోడివి నువ్వొక్కడివే. వెంటనే జవాబు రాయి.

"ఉత్తరంల తిట్టకు అన్నా, రాసుడే బంద్ చేస్తడు" అంటున్నది భాగ్యమ్మ. ఇది తిట్టుడు కాదని దానికి ఎట్ల చెప్పాలె?

నీ బాగు కోరే బాపు,
కైలాసం


ఏటూరునాగారం
9-5-1984

పూజ్యులైన బాపుకు,

బాలకిషన్ నమస్కరించి రాస్తున్న. మీ గర్జన అందింది. గోపాల్ నోట్ల నువ్వుగింజ నానదు. నేనే రాద్దామనుకునే లోపల ఊరంతా చాటింపు వేసిండు.

ఆ ఫోటో అబద్ధం కాదు బాపూ, వేరే అద్దకం, అంతే. ఆ యంత్రం మన కంటికి ఆనని వెలుగును గూడ పడుతది. అందుకని ఆకు ఎంత పచ్చిగుంటే ఫోటోల అంత ఎరుపు. నీళ్లు నల్లగ వస్తయి, బండా ఇసుకా తెల్లగ వస్తయి. ఆ యంత్రం పొద్దున తొమ్మిదిన్నరకు మన నెత్తి మీదికెళ్లి పోతది. చెడిపోయిందని పక్కన పడేసిన ప్రింటు నుంచి ఒక ముక్క కత్తిరించి పంపుతున్న. పోయినేడు ఏప్రిల్ల తీసింది. పోగులు లెక్కబెట్టే మీ భూతద్దం పెట్టి చూడండి, మన డిజైన్ల గ్రాఫు కాగితం లెక్కనే గళ్లు గళ్లుగ కనబడుతది. ఒక్క గడి నేల మీద ఎనభై మీటర్లు.

ఇప్పుడు అసలు సంగతి. ముక్క నడిమిట్ల నల్ల మచ్చ ఉన్నది చూడండి. అది పాత పటంల లేదు. నేనే మొదట కనుక్కున్న. మా సర్వే సారు నా భుజం తట్టి, "చెరువే అయితే నిన్ను పర్మనెంట్ చెయ్యమని హైదరాబాదుకు రాస్తనయ్యా" అన్నడు. దాని పక్కన పెన్సిల్‌తో నేనే పేరు రాసిన: మల్లవ్వ చెరువు. ఎవరికీ చూపలేదు, మీకే. నీళ్లు నీళ్లు అనుకుంట పోయిన అవ్వకు ఒక చెరువుండాలె గదా.

27 పొద్దున బయలుదేరుతున్నం. సారు, నేను, కొలత గొలుసు పట్టే రాజమల్లు, తొవ్వ చూపే కోయ పెద్దమనిషి మొండయ్య. అడవి అంచు దాకా జీపు, అక్కడికెళ్లి రెండు రోజుల నడక. నీళ్లు ఒక్క రోజుకే మోస్తం. రెండో రోజుకు చెరువు ఉండనే ఉన్నది.

మొండయ్య మాత్రం ఒప్పుకుంటలేడు. "అటు నీళ్లు లేవు సారూ. నీళ్లు కావాల్నంటే అక్కడికెళ్లి పొద్దుగూకే దిక్కు, నేరేడు చెట్ల కాడికి పోవాలె" అంటడు. సారు నవ్వి, "నువ్వు కింది నుంచి చూసినవు తాతా, ఇది పై నుంచి చూసింది" అన్నడు. నేనూ నవ్విన.

ఫికర్ చెయ్యకుండ్రి. అత్తకు నమస్కారం.

మీ కొడుకు,
బాలకిషన్


మట్టెవాడ
17-5-1984

నా తండ్రీ బాలకిషన్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివిన. మీ అవ్వ పేరు కాడికి వచ్చేసరికి మూడుసార్లూ ఆగిన. మగ్గం ఆపి బయట అరుగు మీద కూసున్న. దవాఖానల ఆమె నీళ్లడిగితే డాక్టర్ వద్దన్నడని చెంచాతో పెదవులు తడిపిన, మింగనియ్యలేదు. డాక్టర్ మాట విన్నందుకు ఎవరూ నన్ను తప్పు పట్టలేదు. నన్ను నేనే పట్టుకున్న. ఇప్పుడు అడవి నడిమిట్ల ఆమె పేరు మీద చెరువు! పందులూ జింకలూ తాగుతయి, పక్షులు తాగుతయి. తాగనీ.

మొన్న రాసినదాన్ని మనసుల పెట్టుకోకు. వానరులు దిక్కు దిక్కున వెతికి వేసారి, సముద్రం ఒడ్డున చావుకు సిద్ధపడితే, రెక్కలు కాలిన ముసలి గద్ద సంపాతి కొండ మీద కూసోని సీతమ్మ ఎక్కడున్నదో చెప్పిండు. పైనుంచి చూసిన కన్నే దిక్కు చూపింది. భజనల ఈ కథే ఎత్తుకున్న. "నా కొడుకు సంపాతి కంటితో చెరువు కనుక్కున్నడు" అని తాళం కొట్టి చెప్పిన. నవ్విన నోళ్లే "గోవిందా" అన్నయి. గోపాల్ అందరికన్న గట్టిగ అన్నడు.

నీ ముక్కను మగ్గం ముందర గుండుసూదితో కుచ్చి పెట్టిన. భూతద్దంతో చూసిన. ఒకటి అడుగుదామనుకున్న గని, వద్దులే. చదువుకున్నోళ్లు మీకు తెల్వదా. మొండయ్య మాట పట్టించుకోకు. పోయి రా. పేరు నిలబెట్టి రా.

ఆశీస్సులతో,
మీ బాపు


మట్టెవాడ
26-5-1984, పొద్దున
(గోపాల్ చేతికి ఇస్తున్న. పోస్టుకు ఆగే టైం లేదు.)

కొడుకా బాలకిషన్,

పోవద్దు. ముందు ఈ మాట చదువు, మిగిలింది తర్వాత చదువు. పోవద్దు. అది చెరువు కాదు.

నిన్న నాకు కనబడ్డది. నల్ల మచ్చకు ఆగ్నేయం మూలకు తెల్ల మచ్చ ఉన్నది చూడు. బండ నేల అనుకుంటున్నరేమో. గళ్లు లెక్కబెట్టిన. తెల్లది ఏ ఆకారమో నల్లది అదే ఆకారం. అదే వంపు, అదే తోక. ముక్క పై మూలకు ఇంకో జంట ఉన్నది, చిన్నది. అక్కడ గూడ తెల్లదానికి వాయవ్యంల నల్లది, సరిగ్గ అంతే ఎడం. జంపఖానాల పువ్వుకు నీడ నేసేటప్పుడు మేం చేసేది ఇదే. ఒకే పువ్వును అన్ని చోట్లా అన్నే గళ్లు జరిపి నల్ల పోగుతో ఎత్తుతం. దేవుడు చెరువును మబ్బు ఆకారంల ఎందుకు తవ్వుతడు? పొద్దున తొమ్మిదిన్నరకు ఎండ ఎటునుంచి వస్తదో, నీడ ఎటు పడుతదో నీకు నేను చెప్పాలెనా? తెల్లది మబ్బు, నల్లది దాని నీడ. ఆ మబ్బు ఏడాది కిందనే పోయింది. మీరు నీడ కాడికి నీళ్లకు పోతున్నరు.

మాయసభల సుయోధనుడు నేలను నీళ్లనుకొని బట్టలెత్తి పట్టుకున్నడు. అందరూ నవ్విండ్రు, అంతే. ప్రాణం పోలేదు. ఇది రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండ. మీ దగ్గర ఒక్కరోజు నీళ్లే.

ఇంకొకటి. ఆ ముక్కల అడవంతా వెలిసిపోయిన ఎరుపే. ఎండకు ఆకు రాలిన అడవి గదా. ఒక్క దగ్గర మాత్రం నాలుగు గళ్లు పచ్చి కుంకుమ లెక్క మెరుస్తున్నయి. నల్ల మచ్చ నడిమి నుంచి పడమటికి పదమూడు గళ్లు, అక్కడికెళ్లి దక్షిణానికి నాలుగు. పచ్చి ఆకు ఎరుపు అని నువ్వే రాస్తివి. ఆ ఎండల ఆకు పచ్చిగున్నదంటే వేరుకు నీళ్లు అందుతున్నట్టే గదా. మొండయ్య ఎటు చెయ్యి చూపిండో గుర్తు చేసుకో.

సారుకు చూపించు. నౌకరి పోతే పోనీ. మగ్గం ఉన్నది.

ఆత్రంతో,
మీ బాపు


మట్టెవాడ
1-6-1984

బాలకిషన్,

ఆరు రోజులాయె. గోపాల్ ఆ సాయంత్రమే ఉత్తరం నీ చేతుల పెట్టిన అంటడు. "చదివిండా?" అంటే, "చదివిండు మామా, మడిచి జేబుల పెట్టుకున్నడు" అంటడు. రోజూ బస్సు దిగంగనే ఉరికి పోయి అవే మాటలు అడుగుతున్న. నిన్న కొత్త మాట చెప్పిండు: అడవి అంచుకు మీ జీపు నిలబడి ఉన్నదట, మనిషి జాడ లేదట.

అంటే పోయిండ్రు. ఉత్తరం అందినంక గూడ పోయిండ్రు. ఎందుకు?

రెండు రోజుల నుంచి భజనకు పోతలేను. మగ్గం ముందర కూసోని నీ ముక్కనే చూస్తున్న. భాగ్యమ్మ గడప కాడ కుండల నీళ్లు పోసి పెట్టింది, దారిన పోయేటోళ్లకు. "ఎవరికో పోస్తే మన వానికి ఎవరో పోస్తరు" అన్నది. నలభై ఏండ్లు గ్రంథం చెప్పినోణ్ణి, నాకు అంత మాట తోచలేదు.

ఒక్క అక్షరం రాయి. నీ చేతి రాతల ఒక్కటి.

బాపు


ఏటూరునాగారం
3-6-1984

బాపూ,

బతికే ఉన్న. నలుగురం బతికే ఉన్నం. మొండయ్య ఇక్కడి దవాఖానల ఉన్నడు, సెలైన్ ఎక్కిస్తున్నరు. ప్రాణానికి భయం లేదన్నరు.

మీ ఉత్తరం 26 నాడే చదివిన. సారు పక్క గదిల ఉన్నడు. తలుపు కాడికి పోయిన. ఆయన హైదరాబాదుకు నా గురించి కాగితం రాస్తున్నడు. నన్ను చూసి, "నీ పేరే రాస్తున్న బాలకిషన్" అని నవ్విండు. వెనక్కి తిరిగిన. మీరన్నది నిజమని నాకు ఒక్క క్షణంల తెలిసింది. పటం గీసేటోణ్ణి, తెల్వకపోవుడేంది. నిజం కాకపోతే బాగుండని ఉత్తరం జేబుల పెట్టుకొని నడిచిన.

రెండో రోజు ఎండ నడినెత్తికి రాకముందే సీసాలు ఖాళీ. మొండయ్య ఒక్కడే సొరకాయ బుర్రల నీళ్లు దాచుకున్నడు. అవి గూడ రాజమల్లుకూ నాకూ పోసి, "మేం అలవాటైనోళ్లం బిడ్డా, తాగు" అన్నడు. మధ్యాహ్నం దాటినంక చెరువు చోటికి చేరినం. ఎండిన గడ్డి, వెదురు పొదలు. తడి అన్న మాట లేదు. సారు ఫోటోను అటు తిప్పిండు, ఇటు తిప్పిండు. మొండయ్య ఒక మద్ది చెట్టుకు ఆనుకొని, అట్లనే కిందికి జారిండు. పిలిస్తే పలకలేదు.

అప్పుడు తీసిన జేబుల నుంచి. గట్టిగ చదివిన. సారు అంతా విని, "ఇది ఎప్పుడొచ్చిందయ్యా?" అన్నడు. "బయలుదేరక ముందు" అన్న. ఆయన నన్ను కొట్టలేదు. కొడితే బాగుండు.

దిక్సూచి పట్టుకొని ఒక్కణ్ణే పోయిన. మీరు రాసిన గళ్ల లెక్కనే పట్టుకున్న. గడికి నా నడకల నూటపది అంగలు. పదమూడు గళ్లు పడమటికి. పదో గడి కాడ కండ్లు చీకట్లు కమ్మినయి, లెక్క తప్పుతదని పైకి ఒర్లి లెక్కబెట్టుకుంట నడిచిన. నాలుగు గళ్లు దక్షిణానికి. వాగు ఇసుక, ఒడ్డుకు నేరేడు చెట్లు, ఆకు నల్లపచ్చ. ఇసుకల మోచెయ్యి లోతు చెలిమ గుంత తవ్వితే నీళ్లు చల్లగ తగిలినయి. బుర్ర నింపుకొని ఉరికిన.

మొండయ్య పెదవులకు పెట్టిన. చెంచా కాదు బాపూ, బుర్రే పెట్టిన. రెండు గుక్కలు మింగి, కండ్లు తెరవకుండనే, "నేరేడు చెట్ల కాడి నీళ్లే గదా. మొదటి నాడే చెప్పిన" అన్నడు. రుచి పట్టి చెప్పిండు.

మనిషి నడిచేటట్టు లేకుండె. ఆ చెలిమ కాడనే మూడు రోజులు ఉంచి, వెదురు డోలీ కట్టి మోసుకొచ్చినం. అందుకే ఆలస్యం. సారు నా కాగితం చింపిండో పంపిండో అడగలేదు. మీరన్నట్టు ఆ నీడ మీకు 25 నాడే కనబడ్డది గని, పది రోజులు ముందే రాసి ఉంటే పోకపోదునేమో అని ఒక్కసారి అనిపించింది. ఏమో. అప్పుడు గూడ దాచేటోణ్ణేమో. తప్పు నాది, మీది కాదు.

క్షమించే మాటైతేనే రాయండి.

బాలకిషన్


మట్టెవాడ
6-6-1984

ప్రాణంతో ఉన్న నా కొడుకా,

నీ ఉత్తరం గోపాలే చదివి వినిపించిండు, నా కండ్లు ఆనలేదు. భాగ్యమ్మ ఏడ్చి, తర్వాత నీకు రెండు తిట్లు రాయమన్నది. రాస్తలేను. నాకు ఆ హక్కు లేదు.

25 నాడు కనబడ్డదని రాసిన. అది అబద్ధం. నీ ముక్క చేతికొచ్చిన నాడే, 17 నాడే, భూతద్దం పెట్టంగనే కనబడ్డది. యాభై ఏండ్లు గళ్లు చూసిన కన్ను ఇది. పువ్వుకూ నీడకూ తేడా తెల్వదా? గని ఆ నీడ మీద మల్లవ్వ పేరున్నది. కాదంటే ఆమెకు ఇంకోసారి నీళ్లు వద్దన్నట్టు అనిపించింది. అది చూసి గూడ "మొండయ్య మాట పట్టించుకోకు" అని రాసిన. రాసే ముందు ఆ సాయంత్రం భజనల సంపాతి కథ గూడ చెప్పిన. తొమ్మిది రోజులు మింగుకొని కూసున్న. 25 సాయంత్రం మాయసభ కథ చెప్తుంటే, "నీళ్లు కానిదాన్ని" అన్న మాట కాడ కథ ఆపేసి ఇంటికొచ్చిన. తెల్లారంగనే బస్సు స్టాండుకు ఉరికిన.

ధర్మరాజు ఒక మాట గట్టిగ, ఒక మాట చిన్నగ అన్నందుకు రథం నేలకు ఆనిందట. నేను చిన్నగ గూడ అనలేదు. నువ్వు రెండు రోజులు దాచినవు, నేను తొమ్మిది రోజులు దాచిన. మనిద్దరి నడుమ ఆ ముసలాయన నోరెండిపోయి పడ్డడు. నిన్న భజనల నిలబడి ఇదంతా చెప్పిన. ఎవరూ గోవిందా అనలేదు. మంచిదే.

రేపు గోపాల్ బస్సుకు వస్తున్న. మగ్గం మీది జంపఖానా సగంలనే కోసిన. మొండయ్యకు పరుస్త. ఆయన కాళ్ల కాడ కూసునేది ఉన్నది. నేను వచ్చేలోపల ఒకటి అడిగి ఉంచు: ఆ చెలిమకు వాళ్ల పెద్దలు ఏం పేరు పెట్టుకున్నరో. పేరు లేకుండ ఉండదు. నీ పటంల అదే రాయి.

నీ ముక్కను గుండుసూది తీసి పట్టుకొస్తున్న. మీ అవ్వ పేరు నేనే చెరిపిన, రబ్బరు పెట్టి, మెల్లగ. అక్షరాలు పోయినయి. నువ్వు గట్టిగ ఒత్తి రాసినట్టున్నవు కొడుకా, వేలు పెడితే ఇంకా తగుల్తనే ఉన్నది.

మీ బాపు,
కైలాసం