గాలొస్తే కదిలే పడవలు

స్ప్లిట్, నవంబరు 3

చిరంజీవి లుక్షాకి అక్క పెరినా దీవెనలు.

నీ కళ్ళలో శుక్లాలని డాక్టరు చెప్పి ఏడాదైంది. ఇక్కడి పట్నం ఆసుపత్రిలో ఆపరేషనంటే దీవి దాటనంటావు. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పిపుట్టింది. ఆటలో తేల్చుకుందాం. చిన్నప్పుడు చర్చిలో ప్రసంగం సాగుతుంటే వెనక బెంచీలో ఆడేవాళ్ళం కదూ, పడవలు ముంచే ఆట!

గళ్ళ కాగితం పంపుతున్నాను. అడ్డం పది, నిలువు పది. పైన అక్షరాలు, పక్కన అంకెలు. నాలుగు గళ్ళ పడవ ఒకటి, మూడు గళ్ళవి రెండు, రెండు గళ్ళవి మూడు, ఒంటిగడివి నాలుగు గీసుకో. ఒకదానికొకటి తగలకూడదు. నేను గడి చెబుతాను. ఖాళీ అయితే 'నీళ్ళు' అను, పడవుంటే 'తగిలింది' అను. నేను గెలిస్తే ఆపరేషన్‌కి వస్తావు. నువ్వు గెలిస్తే ఆ మాటెత్తను.

నా దెబ్బలు: ఎ1, బి4, డి7.

ఇట్లు, పెరినా

తా.క.: దొంగాట ఆడావంటే చెవి మెలెయ్యడానికి ఓడెక్కి వస్తాను.

కోమిజా, నవంబరు 10

అక్కయ్యకు లుక్షా నమస్కారాలు.

చేతులకి చేపల జిగురు, అందుకని పోస్టుమనిషి కాతా చేత రాయిస్తున్నాను. మూడూ నీళ్ళే! నావి: సి2, ఎఫ్9, బి14.

నీ తమ్ముడు

తా.క.: బి4లో ఒకటుండేది. మంగళవారం కొండల మీంచి బురా ఈదురుగాలి లేచింది. ఆ గాలిలో పడవని వదిలేసే వెధవనా నేను? రేవులోకి మార్చేశాను.

స్ప్లిట్, నవంబరు 17

ఒరేయ్ లుక్షా,

కాగితం మీద గాలి వీయదురా! గీసిన పడవ గీసినచోటే ఉండాలి. నీ సి2, ఎఫ్9 నీళ్ళే. బి14 ఏమిటి? నా సముద్రం పదితో సరి. పద్నాలుగో గడి మా భోజనాల బల్ల. అక్కడ చేపల పులుసుంది. దాన్ని ముంచావు.

నావి: సి5, జి3, హెచ్8.

మండిపోతున్న అక్క

తా.క.: మీ బావ నీ పక్షం. ఆయనకి అన్నం బంద్.

కోమిజా, నవంబరు 25

అక్కయ్యా,

నలభై ఏళ్ళు సముద్రం మీద బతికినవాడికి మూడో అంతస్తులో కూర్చుని గాలి సంగతి చెబుతావా? అన్నీ నీళ్ళే. దక్షిణపు గాలి తిరిగింది, పడవలన్నీ అవతలి ఒడ్డుకి లాగాను.

లుక్షా

తా.క.: బావకి అన్నం పెట్టు. పాపం, పులుసు ముంచింది నేను.

స్ప్లిట్, డిసెంబరు 3

తమ్ముడూ, నీకో దండం. నువ్వే గెలిచావు. మాటంటే మాటే, నీ కళ్ళ ఊసెత్తను. కానీ ఒంటరిగా ఉన్నావు, నాకు భయంగా ఉందిరా.

పెరినా

తా.క.: ఏడ్చానని మీ బావ చెబితే నమ్మకు. ఉల్లిపాయలు.

కోమిజా, డిసెంబరు 12

అక్కయ్యా,

గెలిచిన హుషారులో శనివారం పొద్దున్నే పడవెక్కి వల వెయ్యడానికి బయల్దేరాను. సగం దూరం వెళ్ళేసరికి ఒడ్డున ఒకటే కేకలు. నేనెక్కింది ఫాదర్ ఆంద్రియా గారి పడవట! రేవంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. "సొంత పడవే పోల్చుకోలేనివాడివి, నీళ్ళలో రాళ్ళనేం పోల్చుకుంటావయ్యా?" అన్నారు. ఆ మాటకి వల మడిచేసి ఇంటికొచ్చేశాను.

నిజం చెప్పేస్తున్నాను. నువ్వు పంపిన కాగితంలో నాకు ఒక్క గడీ కనబడలేదు. అంతా తెల్లగా ఉంది. చేపల జిగురూ గాలీ రేవూ అన్నీ కల్లబొల్లి కబుర్లు. ఆపరేషనంటే భయమక్కా. గురువారం ఓడకి వస్తున్నాను. లోపలికి తీసుకెళ్ళేదాకా నా చెయ్యి వదలకు.

నీ లుక్షా

తా.క.: కట్టు విప్పాక మళ్ళీ ఆడదాం. ఈసారి పడవలు గీస్తాను.