ఏడో పాఠం

ప్రియమైన అత్తయ్యకి,

ఇన్నాళ్ళూ సినిమా రికార్డింగుల్లో వెనక వరసలో కూర్చుని మాండలిన్ వాయించిన, నువ్వు తొందర అని పిలిచే నీ మేనల్లుడు మొత్తానికి ఒక సినిమాకి సంగీత దర్శకుడయ్యాడు. ఇది మొదటి వార్త. రెండోది రాయడానికే చేయి రావట్లేదు.

తల్లి కూతురికి జడ వేసే చోట వచ్చేలా ఒక బాణీ కట్టాను. డైరెక్టర్ మెట్లు దిగుతూ కూడా అదే కూనిరాగం తీస్తున్నాడు. నిన్న రికార్డింగులో నాతో కలిసి వాయించడానికి ఒకమ్మాయి వచ్చింది, నీ శిష్యురాలే. కాగితం చూడకుండానే వాయించేసి, "ఇది మా మేడమ్ చెప్పే ఏడో పాఠం కదండీ, మేమందరం నేర్చుకున్నాం" అని నవ్వింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

నాకు నువ్వు ఆ పాఠం చెప్పినట్టు గుర్తు లేదు. ఎప్పుడో చెవిన పడితే నాదే అనుకుని కట్టేశానేమో. నీ ఇంట్లోనే దొంగతనం చేశానా అత్తయ్యా? ఉన్నదున్నట్టు రాయి.

నీ తొందర

*

ఒరేయ్ తొందరా,

నువ్వు సంగీత దర్శకుడివయ్యావని వీధంతా చెప్పాను. కింద ఇస్త్రీ ఆయన చొక్కా మాడ్చుకుని మరీ విన్నాడు.

అవును, అది నేను చెప్పే పాఠమే. అయితే ఏమైందిప్పుడు? పరాయివాళ్ళ దగ్గర తీసుకున్నావా? వాడుకో. ఆ పిల్లకి నోరు మెదపొద్దని నేను చెప్తాలే. ఇక ఈ సంగతి ఎత్తకు. వేళకి తిను.

మీ అత్తయ్య

*

ప్రియమైన అత్తయ్యకి,

నీది పెద్ద మనసు. కానీ నీ ఉత్తరం చదివాక నాకు ముద్ద దిగలేదు. వెళ్ళి డైరెక్టర్‌కి చెప్పేశాను. తిట్టలేదు గానీ, "మరి మిగతా బాణీలు ఎవరివి?" అన్నాడు. దానికంటే నాలుగు తిట్టినా బాగుండేది. నాకిది మొదటి సినిమా, ఇదే ఆఖరిది కూడా అవుతుందేమో.

పోనీలే, ఆ బాణీకి తెర మీద నీ పేరు వేస్తున్నారు. సోమవారం పేర్లన్నీ ఖాయం చేస్తారు. నలభై ఏళ్ళుగా ఆ మేడ మీది గదిలో పిల్లలకి నేర్పుతున్నావు. ఒక్కసారైనా నీ పేరు హాల్లో అందరూ చదవాలి.

నీ తొందర

*

నాయనా,

ఇది అందగానే తీసుకెళ్ళి ఆ డైరెక్టర్ చేతిలో పెట్టు. నా పేరు తీయించు.

నీకు పదకొండేళ్ళప్పుడు నేను కట్టిన ఏడో పాఠం ఇచ్చాను. పై స్వరం నీ చిటికెన వేలికి అందలేదు. అందక, కింద మూడు స్వరాల మీదుగా చుట్టు తిరిగొచ్చి నీకు తోచినట్టు ముగించావు. పాఠం పాడుచేశావని వేళ్ళ మీద ఒక్కటిచ్చాను. ఏడుస్తూ ఇంటికి పోయావు. నువ్వు వెళ్ళాక నీలాగే వాయించి చూశాను. నాది చప్పగా ఉంది, నీది ప్రాణం లేచొచ్చేలా ఉంది. ఒక్క సినిమా పిలుపు కోసం పదేళ్ళు ఎదురుచూసి విసిగిపోయిన దాన్ని, ఓర్వలేకపోయాను. మర్నాడు నీకు వేరే పాఠం ఇచ్చి, తర్వాత వచ్చిన పిల్లలందరికీ నీదాన్నే ఏడో పాఠంగా నేర్పి, నాదని చెప్పుకున్నాను.

మొన్న "వాడుకో" అని దానం చేసినట్టు రాశాను చూడు, రాస్తూనే సిగ్గుతో చచ్చాను. నువ్వు నిజంగానే నా పేరు వేయిస్తావని ఊహించలేదు. మన ఇద్దరిలో దొంగని నేనేరా. నా పాత పాఠం, దాని కింద ఆ రోజు నీ బాణీ రాసుకున్న కాగితం, తేదీతో సహా జత చేస్తున్నాను. మిగతావి ఎవరివని అడిగాడుగా, అవీ నీవే, ఇదీ నీదేనని చెప్పు.

ఇన్నేళ్ళకి గుండెల మీద బండ దిగినట్టుంది. కోపమొస్తే వచ్చి తిట్టిపో, పడతాను.

చాలా బాగా వాయించావురా. ఆ రోజే అనాల్సింది.

మీ అత్తయ్య