నీలం గౌను అంచు

చిరంజీవి గువ్వకి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ నేను క్షేమం. నేను రోజంతా ఇంట్లోనే ఉండటం వల్ల మీ అమ్మ క్షేమం కాస్త తగ్గింది గానీ, మొత్తానికి బాగానే ఉంది. నువ్వూ, అల్లుడూ, మా చిన్న దొరసానీ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం చూసి తెలుసుకున్నాను. జవాబు ఆలస్యమైంది. పని ఒత్తిడి అని ముప్పై నాలుగేళ్ళు చెప్పినవాణ్ణి, రిటైరై నాలుగు నెలలయ్యాక ఏ సాకు చెప్పాలో తోచడం లేదు. అసలు కారణం కిందెక్కడో రాస్తాను.

మోకాలు ఎలా ఉందని అడిగావు. మెట్లు దిగేటప్పుడు మాత్రం గుర్తొస్తోంది. ఇంట్లో పొద్దుపోతోందా అని కూడా అడిగావు. నిజం చెప్పాలంటే నాకంతా అయోమయంగా ఉంది. పొద్దున కళ్ళు తెరవగానే ఏ ఊళ్ళో ఉన్నానో తేల్చుకోవడానికి కాసేపు పడుతోంది. స్నానాల గది అనుకుని బీరువా తలుపు తీస్తున్నాను. మొన్న కాఫీ తాగి, ఖాళీ కప్పు పడగ్గది బయట నేలమీద పెట్టి తలుపేసుకున్నాను. మీ అమ్మ చూసుకోక దాన్ని తన్నేసింది.

"ఎవరొచ్చి తీస్తారనుకున్నారు?" అంది.

"హోటల్లో తీసేవాళ్ళు," అన్నాను.

"ఇక్కడా తీస్తారు లెండి. ఇన్నేళ్ళూ తీసింది నేనే," అంటూ పెంకులు ఏరుకుంది.

తాతయ్య చూసిన ఊళ్ళలో ఏది బాగుంటుందని పాప అడిగిందట. ఏం చెప్పను తల్లీ? నేను చూసినవి విమానాశ్రయాలు, గోదాములు, బట్టలు కొనేవాళ్ళ ఆఫీసుల్లో కిటికీలు. గుడ్డలు అమ్మేవాణ్ణి కదా, రంగు తేల్చుకోవాలంటే నేరుగా ఎండ పడని కిటికీ కావాలి. ఏ దేశం వెళ్ళినా ముందు దాన్నే వెతికేవాణ్ణి. ఒక ఊరికైతే పదకొండు సార్లు వెళ్ళాను. ఆ ఊరి మధ్యలో నది ఉందని ఈమధ్య టీవీలో చూసి తెలుసుకున్నాను. పాపకి ఆ నది ఊరే బాగుంటుందని చెప్పు.

ఇక నువ్వు అడిగిన అసలు సంగతి. నీ చిన్నప్పటి నీలం గౌను పాపకి సరిగ్గా సరిపోయిందనీ, అంచు దగ్గర మీ అమ్మ వేసిన తెల్ల పట్టీ విప్పి అక్కడ పాత ముక్కే మళ్ళీ కుడతాననీ రాశావు. "నా గుర్తుగా నువ్వు కోటు జేబులో పెట్టుకుని దేశాలన్నీ తిప్పిన ముక్క అది. దాని కథ పాపకి రోజూ చెబుతున్నాను, పంపించు నాన్నా" అన్నావు. ఆ వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను.

మా వ్యాపారంలో ఒక పద్ధతి ఉంది. బేరం కుదిరాక ఆ రంగు గుడ్డను రెండుగా కత్తిరించి, చెరో అట్టకు గుచ్చి, ఇద్దరం సంతకాలు పెడతాం. సగం వాళ్ళ దగ్గర, సగం మా దగ్గర. సరుకు ఆ ముక్కతో కలిస్తేనే తీసుకుంటారు. నీకు నాలుగేళ్ళప్పుడు ఒక పెద్ద వ్యాపారి, తను అంతకుముందు చూసిన నీలమే కావాలనీ, ముక్క తెచ్చి చూపిస్తేనే బేరమనీ కబురు పెట్టాడు. మా దగ్గరున్న ఒక్క నమూనా అద్దకం మేస్త్రి చేతిలో తడిసి పాడైపోయింది. ఆ గుడ్డ ఇంకెక్కడా మిగల్లేదు, మీ అమ్మ ఆ వారమే నీకు కుట్టిన గౌనులో తప్ప. ప్రయాణం రోజు పొద్దున, నువ్వు స్నానం చేస్తుండగా, నాలుగు వేళ్ళ వెడల్పున అంచు కత్తిరించి పట్టుకుపోయాను. నీ గుర్తుగా కాదు తల్లీ. నమూనా కోసం. ఆ వ్యాపారి దాన్ని కిటికీ దగ్గర చూసి, తలూపి, సంతకాలు చేయించి, రెండుగా కత్తిరించనివ్వకుండా మొత్తం తన దగ్గరే ఉంచేసుకున్నాడు.

తిరిగొచ్చేసరికి నువ్వు ఎదురొచ్చి, "అమ్మ చెప్పింది, నా ముక్క నీ దగ్గరుందటగా?" అన్నావు. ఉందన్నాను. ఆ తర్వాత ప్రతి ప్రయాణానికీ "నా ముక్క పెట్టుకున్నావా?" అని గుమ్మంలో నిలబడి అడిగేదానివి. నేను కోటు జేబు తట్టి చూపించేవాణ్ణి. అందులో పాస్‌పోర్టు ఉండేది. విచిత్రమేమిటంటే, కొన్నేళ్ళకి నువ్వు లేనిచోట కూడా తట్టడం అలవాటైంది. విమానం ఎక్కేముందు, బేరం మొదలుపెట్టేముందు చెయ్యి దానంతటదే అక్కడికి పోయేది. తట్టాక ధైర్యంగా ఉండేది. నిన్ను మోసం చేశానా, నన్ను నేనే నమ్మించుకున్నానా, ఇప్పటికీ నాకు తెలియడం లేదు. సిగ్గుగా మాత్రం ఉంది.

నీ ఉత్తరం రాగానే ఆ వ్యాపారి కంపెనీకి రాశాను. ఆయన పోయి చాలా ఏళ్ళయిందట. గోదాము చూసే పెద్దాయనెవరో పాత పెట్టెలు వెతికి, అట్టతో సహా ముక్కను పంపించాడు. పోస్టులో వచ్చిన దాన్ని మీ అమ్మే విప్పింది.

"ఇది మీ జేబులో కదా ఉండాలి?" అంది.

ఇక తప్పక జరిగిందంతా చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోతుందనుకున్నాను.

"నాకు తెలీదనుకున్నారా? నమూనా తడిసిపోయిందని ప్రయాణానికి ముందు గోలపెట్టింది మీరే. ఊరి నుంచి వస్తే మీ కోటు జేబులు ఖాళీ చేసేది నేనే కదా. పిల్ల గౌను చూసుకుని ఒకటే ఏడుపు. నాన్న నమూనా కోసం కోసుకుపోయాడని చెప్పమంటారా?" అంది.

ఇంతకాలం నేను నమ్మించాననుకున్న మనిషే ఆ కథ అల్లిందన్నమాట. పదిహేను రోజులుగా ఆ అట్ట ముందేసుకుని కూర్చుంటున్నాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో, ఎవరికి క్షమాపణ చెప్పాలో పాలుపోలేదు. చివరికి నీకే చెబుతున్నాను. తప్పైపోయింది తల్లీ.

ముక్కను ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. వెలుతురు తగలని పెట్టెలో ఉండి కొత్తదానిలాగే ఉంది. నీ గౌను ఉతికి ఉతికి వెలిసి ఉంటుంది. రెండూ కలవవు. నా ఉద్యోగంలో అయితే ఈ సరుకు వెనక్కి పంపేవాళ్ళు. నువ్వూ పంపేస్తే నేనేమీ అనుకోను. పాపకి ఏ కథ చెప్పాలో కూడా నీ ఇష్టం.

ఒకవేళ ఉంచుకుంటే మాత్రం, దాన్ని రెండుగా కత్తిరించు. సగం గౌనుకి కుట్టుకుని, సగం నాకు పంపు. నేనిక ఎక్కడికీ వెళ్ళేది లేదు. అయినా కోటు బీరువాలోంచి తీయించి, దులిపించి ఉంచాను. జేబు ఖాళీగా ఉంది.

ఇట్లు,
నీ సగం కోసం గుమ్మంలో ఎదురుచూస్తున్న
నాన్న