మిస్ క్లారా వరండాకు వేసిన తెల్లరంగు

మిస్ క్లారా గారూ,

మీరు ప్రభువునందు నిద్రించి నేటికి ఏడాది. మీకు తెలుగు రాదు గనుకే ధైర్యంగా రాస్తున్నాను.

దయ్యాలు రాకుండా మీ అమ్మగారు వరండా పైకప్పుకు లేత నీలిరంగు వేయించారని మీరు చెప్పిన రోజున, మంత్రతంత్రాలు కూడదనే ద్వితీయోపదేశకాండం పద్దెనిమిదో అధ్యాయం బైబిల్లో తెరిచి మీ మీద ఉరిమాను. మీరు నవ్వి, "రంగుకేం తెలుసు పాపం! నీకంత బాధైతే తెల్లది వేసెయ్, ప్రీచర్. నిచ్చెన మీంచి పడితే మాత్రం నా పూలకుండీలు జాగ్రత్త" అన్నారు. నా చేతులతోనే వేశాను. ఆ తరువాత మీరు వరండాలో కూర్చోవడం మానేశారు. నేను గమనించనట్టే ఉన్నాను.

ఈరోజు మన జార్జియా పట్టణంలో పాత ఇళ్లు చూపించే టూర్ మీ మెట్ల దగ్గర ఆగింది. గైడ్ అమ్మాయి పైకి చూసి, "వీధంతా నీలమే, ఇదొక్కటే తెలుపు. ఎవరు పాడుచేశారో! సార్, మీరు పక్కింటివారు కదా, మీకేమైనా తెలుసా?" అని అడిగింది.

తెలియదన్నాను. యేసును ఎరగనని బొంకినందుకు పేతురును ఎన్ని ఆదివారాలు ఉతికి ఆరేసిన నోరది!

పేతురైతే వెలుపలికి పోయి ఏడ్చాడు. నేను వాళ్లతో కలిసి తరువాతి ఇల్లు చూడటానికి నడిచాను.